తాతయ్య పిస్టల్ మీద '44' అని ఉంది

గోదావరి జిల్లాల నుంచి ఒక టీచరు గారు రాసిన పెద్ద ఉత్తరం ఇది. ఊరు, పేర్లు తీసేసి సంగతి మాత్రం చెబుతున్నాను.

ఆమె వయసు నలభై ఆరు. ఆమె తాతయ్య రెండో ప్రపంచ యుద్ధంలో మద్రాస్ సాపర్స్ అండ్ మైనర్స్‌లో (సైన్యంలో ఇంజనీరింగ్ పనులు చేసే దళం అది) పనిచేసి, జమేదారుగా, అంటే చిన్న అధికారి హోదాతో ఊరికి తిరిగొచ్చారు. వస్తూ ఒక జర్మన్ పిస్టల్ తెచ్చుకున్నారు. దానికి మొదట తాతయ్య పేరు మీద, తర్వాత నాన్నగారి పేరు మీద లైసెన్స్ ఉండేది. ఇంట్లో దాన్ని 'జనరల్ గారి పిస్టల్' అంటారు. 1943లో ఉత్తర ఆఫ్రికాలోని ట్యునీషియాలో జర్మన్ జనరల్ లొంగిపోయినప్పుడు తాతయ్య అక్కడే ఉన్నారనీ, ఆ జనరల్ నడుముకి ఉన్నది ఇదేననీ నాన్నగారు ప్రతి దసరాకీ ఆయుధ పూజ దగ్గర పిల్లలందర్నీ కూర్చోబెట్టి చెప్పేవారు. పిస్టల్‌కి ఏటా ఒకే చోట బొట్టు పెట్టేవారు.

నాన్నగారు పోయి పధ్నాలుగు నెలలైంది. పిస్టల్ ఇంకా బీరువాలోనే ఉంది. ఇంజనీరింగ్ చదివే కొడుకు ఈ మధ్య దాన్ని తీసి, గడ్డకట్టిన కుంకుమని తుడిచాడు. కింద 'బీ వై ఎఫ్' అని చిన్న ఇంగ్లిష్ అక్షరాలు, వాటి కింద '44' అంకె బయటపడ్డాయి. "అమ్మా, ఇది 1944లో చేసిందే. 43లో ఎలా దొరుకుతుంది?" అన్నాడు. అప్పట్నుంచి ఆమెకి నిద్ర లేదు. హైదరాబాద్‌లో ఉండే తమ్ముడు దాన్ని అమ్మేద్దామంటున్నాడు. జనరల్‌ది అని కుటుంబం తరఫున ఒక ఉత్తరం రాసిస్తే పెద్ద మొత్తం ఇస్తానని ఒకాయన అన్నాడట, కాగితాల పని తర్వాత చూసుకోవచ్చట. అమ్మేమో "అది ఆయన ప్రాణం, గడప దాటడానికి వీల్లేదు" అంటున్నారు. నాన్నమ్మ చెప్పిన ఒక మాట కూడా ఉత్తరం చివర రాశారు. దేశంకాని దేశంలో కొండ మీద గుడిని విమానాలు కూల్చేశాయని, చూస్తుండగానే నేలమట్టమైందని తాతయ్య అంటుండేవారట. ఏ గుడో ఇంట్లో ఎవరికీ తెలీదు.

ఆమె ముఖ్యమైన ప్రశ్నలు మూడు. మా తాతయ్య అబద్ధం చెప్పారా? ఈ పిస్టల్ అసలు చరిత్ర ఎలా తెలుసుకోవాలి? అమ్మకీ తమ్ముడికీ ఏం చెప్పాలి?

అమ్మా, మీరు అడగని నాలుగో ప్రశ్న ఒకటుంది. దానికే ముందు జవాబు చెప్పాలి. నాన్నగారి లైసెన్స్ ఆయనతోనే ముగిసింది. ఆ రోజు నుంచి ఆ పిస్టల్ మీ ఇంట్లో లైసెన్స్ లేకుండా ఉన్నట్టే లెక్క. పైగా అది 9 ఎం.ఎం. పిస్టల్. మన దేశంలో అది ప్రొహిబిటెడ్ బోర్, అంటే నిషేధిత తూటా సైజు కిందికి వస్తుంది. 2019లో ఆయుధాల చట్టాన్ని సవరించాక, నిషేధిత ఆయుధం లైసెన్స్ లేకుండా దొరికితే శిక్ష 7 ఏళ్ల నుంచి 14 ఏళ్ల దాకా ఉంది. మిమ్మల్ని టెన్షన్ పెట్టడానికి చెప్పడం లేదు. చరిత్ర వెతకడానికి ఏడాది పట్టినా నష్టం లేదు, ఈ పని మాత్రం ఈ వారంలో అయిపోవాలి.

చట్టంలో దీనికి దారి ఉంది. ఆయుధం ఉంచుకునే హక్కు పోయినప్పుడు దాన్ని అనవసర ఆలస్యం లేకుండా దగ్గర్లోని పోలీస్ స్టేషన్‌లో డిపాజిట్ చేయాలని 21వ సెక్షన్ చెబుతుంది. డిపాజిట్ చేస్తే వదులుకున్నట్టు కాదు. గడువు లోపల మీలో ఒకరికి లైసెన్స్ వస్తే వెనక్కి తీసుకోవచ్చు, లేదా అర్హత ఉన్నవాళ్లకి అమ్మి డబ్బు తీసుకోవచ్చు. గడువు దాటినా ఏమీ చేయకపోతే అది ప్రభుత్వపరం అవుతుంది.

అయితే దాన్ని మీరే హ్యాండ్‌బ్యాగులో వేసుకుని ఆటో ఎక్కకండి. లైసెన్స్ లేకుండా మోసుకెళ్లడం కూడా నేరమే. ముందు ఒక లాయర్‌ని కలవండి. నాన్నగారి లైసెన్స్ నంబరు, ఆయన పోయిన తేదీ, పిస్టల్ వివరాలు రాసి, డిపాజిట్ చేసుకోమని స్టేషన్‌కి లెటర్ పెట్టించండి. వాళ్లే వచ్చి తీసుకెళ్తారా, లాయర్ సమక్షంలో అప్పగించాలా అన్నది ఫోన్‌లోనే మాట్లాడుకోండి. ఆలస్యం ఎందుకైందని అడిగితే ఉన్నదున్నట్టు చెప్పండి. మీరు పంపిన ఫోటోలో మందుల డబ్బా పక్కన ఆరు తూటాలు కనిపిస్తున్నాయి, అవి కూడా దాంతోపాటే వెళ్లాలి. మీ అబ్బాయిని ఇక దాన్ని ముట్టుకోవద్దనండి. తీసిన ఫోటోలు చాలు. ఇంకేమీ తుడవొద్దు, నూనె రాయొద్దు.

ఇప్పుడు ఆ కుంకుమ కింద ఏముందో చూద్దాం. మీ అబ్బాయి చదివింది సరిగ్గానే చదివాడు.

స్లైడ్, అంటే పిస్టల్ పైన ముందుకీ వెనక్కీ జరిగే భాగం, ఎడమ వైపున 'పీ.38' అని ఉంది. అది మోడల్ పేరు. పాత ల్యూగర్ పిస్టల్ తయారీ ఖరీదైన వ్యవహారం కావడంతో దాని స్థానంలో జర్మన్ సైన్యం 1938లో తీసుకున్న వాల్తర్ డిజైన్ ఇది. యుద్ధకాలంలో దీన్ని మూడు కంపెనీలు చేశాయి. శత్రువుకి ఫ్యాక్టరీ తెలియకూడదని కంపెనీ పేరు వేయకుండా రహస్య అక్షరాలు కొట్టేవారు. వాల్తర్‌కి 'ఏ సీ', స్ప్రీవెర్క్‌కి 'సీ వై క్యూ', మౌజర్‌కి 'బీ వై ఎఫ్'. మీది మౌజర్ వాళ్లది, నెకార్ నది ఒడ్డున ఓబెర్న్‌డార్ఫ్ ఊళ్లో చేసింది. కింద ఉన్న 44 తయారైన సంవత్సరం. మౌజర్ ఈ మోడల్ మొదలుపెట్టిందే 1942 చివర్లో. కుడి వైపున డేగ బొమ్మ, దాని కింద 135 ఉన్నాయి కదా, అది ఆ ఫ్యాక్టరీలో సరుకు చూసి ఒప్పుకున్న సైనిక తనిఖీ అధికారి ముద్ర.

పిస్టల్ సీరియల్ నంబర్ చివర ఒక చిన్న అక్షరం కూడా ఉంది. అది చాలా ముఖ్యం. ఏడాది మొదట్లో నంబర్లు ఒకటి నుంచి మొదలవుతాయి, నాలుగంకెలు నిండాక 'ఏ' అక్షరంతో మళ్లీ ఒకటి నుంచి, తర్వాత 'బీ'తో, అలా సాగుతాయి. కొత్త ఏడాదికి మళ్లీ మొదటికి. మీ పిస్టల్ మీద అక్షరం ఆ వరసలో బాగా ముందుకెళ్లినది. అంటే 1944 మొదటి వారాల్లో చేసింది కూడా కాదు. (పూర్తి నంబర్ ఇక్కడ వేయడం లేదు. మీరు కూడా ఎక్కడా, ముఖ్యంగా వాట్సాప్ గ్రూపుల్లో, పెట్టకండి.)

జర్మన్ జనరల్ ఫాన్ ఆర్నిమ్ ట్యునీషియాలో లొంగిపోయింది 1943 మే 12న. మర్నాటికి ఆఫ్రికాలో యుద్ధమే ముగిసిపోయింది. ఆ రోజుకి ఈ పిస్టల్ ఇంకా పుట్టలేదు. ఇందులో రెండో మాటకి తావు లేదు.

కానీ దీన్నుంచి మీరు తాతయ్య అబద్ధం దాకా ఒకే అంగలో వెళ్లిపోయారు. మీరు పంపిన పతకాల ఫోటో పక్కన పెట్టుకుని మళ్లీ చూడండి. రెండు కంచు నక్షత్రాలున్నాయి. ఇసుక రంగు రిబ్బన్‌ది ఆఫ్రికా స్టార్. అది 1943 మే 12 లోపల ఆ రంగంలో ఉన్నవాళ్లకే ఇచ్చారు. ఎరుపు, తెలుపు, ఆకుపచ్చ చారల రిబ్బన్‌ది ఇటలీ స్టార్. అది 1943 జూన్ నుంచి 1945 మే దాకా జరిగిన యుద్ధానికి. వాటిని తిప్పి వెనక వైపు చూడండి. బ్రిటిష్ సైనికుల నక్షత్రాల మీద పేర్లు వేయలేదు గానీ, భారత సైనికులవాటి మీద సైనికుడి నంబరూ పేరూ చెక్కారు. అవి మీ తాతయ్యవే అన్నదానికి అంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

తాతయ్య సైన్యం నుంచి వచ్చేసేటప్పుడు ఇచ్చిన డిశ్చార్జి పుస్తకంలో 12వ ఫీల్డ్ కంపెనీ అని ఉంది. ఆ మద్రాస్ సాపర్ల కంపెనీ 4వ ఇండియన్ డివిజన్‌లో భాగం. ఫాన్ ఆర్నిమ్ లొంగిపోయింది ఆ 4వ ఇండియన్ డివిజన్‌కే! నాన్నగారి కథలో ఆ సగం గాలి కబురు కాదు. ఆ డివిజన్ మనిషిగా మీ తాతయ్యకి ఆ రోజు గురించి చెప్పుకునే హక్కు పూర్తిగా ఉంది.

ఇక నాన్నమ్మ చెప్పిన కొండ మీద గుడి. మీ ఉత్తరంలో అది చదివి నేను చాలాసేపు ఆగిపోయాను. ట్యునీషియా తర్వాత ఆ డివిజన్ ఇటలీ వెళ్లింది. 1944 ఫిబ్రవరిలో మోంటే కసినో అనే కొండ కింద మోహరించింది. ఆ కొండ శిఖరం మీద క్రైస్తవ సన్యాసుల మఠం ఒకటుంది, ఆరో శతాబ్దంలో మొదలైనది. ఫిబ్రవరి 15న అమెరికన్ విమానాలు దాన్ని బాంబులతో నేలమట్టం చేశాయి. కింద మన వాళ్లు చూస్తూనే ఉన్నారు. తాతయ్య అన్న గుడి అదేనని నా నమ్మకం. 'మఠం' అని చెబితే ఇంట్లో ఎవరికి అర్థమవుతుంది? దేవుడున్న చోటు కాబట్టి గుడి అన్నారు.

అక్కడ సాపర్ల పని ఎలాంటిదో కొంచెం చెప్పాలి, ఎందుకంటే ఆ పనిలోనే ఈ పిస్టల్ జాడ ఉంది. మందుపాతరలు ఏరాలి, వంతెనలు కట్టాలి, దారులు వేయాలి. కసినో వెనక కొండల్లో మేకలు నడిచే బాటని మన సాపర్లు, న్యూజిలాండ్ ఇంజనీర్లు కలిసి ట్యాంకులు ఎక్కేంత వెడల్పు చేశారు, శత్రువు కళ్లముందే. అదే డివిజన్‌లో ఉన్న మద్రాస్ సాపర్ల 11వ ఫీల్డ్ పార్క్ కంపెనీ సుబేదార్ సుబ్రమణియన్, ఫిబ్రవరి 24న ఇటలీలోని మినియానో దగ్గర మందుపాతర మీద పడుకుని తనవాళ్లని కాపాడి చనిపోయారు. ఆయనకి జార్జ్ క్రాస్ అనే పెద్ద సాహస పతకం ఇచ్చారు. మీ తాతయ్య పనిచేసింది అలాంటి మనుషుల మధ్య.

శత్రువు ఖాళీ చేసిన కందకాల్లోకీ ఇళ్లల్లోకీ ముందుగా అడుగుపెట్టేది సాపర్లే. పడి ఉన్న పిస్టల్ వాళ్ల కంటపడటం మామూలు విషయం. ఖైదీల దగ్గర లాక్కున్నవి గుట్టలుగా పడి ఉండేవి. సిగరెట్లకి పిస్టల్ మార్చుకున్నవాళ్లూ ఉన్నారు. మీ పిస్టల్ నంబర్ వరసని బట్టి కసినో నాటికి అది అక్కడికి చేరి ఉంటుందనుకోలేను. ఆ ఏడాది ఆగస్టు, సెప్టెంబర్‌లలో ఇటలీలో జర్మన్ల రక్షణ రేఖ అయిన గోథిక్ లైన్ దగ్గర ఈ డివిజన్ మళ్లీ పెద్ద యుద్ధం చేసింది. తర్వాత గ్రీసు వెళ్లింది. ఆ కాలంలోనే, ఆ దారిలోనే ఎక్కడో మీ తాతయ్య చేతికి వచ్చి ఉంటుంది.

మరి జనరల్ కథ ఎలా పుట్టింది? మీ ఉత్తరంలోనే ఒక వాక్యం ఉంది: "తాతయ్య నోట ఈ కథ నేను వినలేదు, ఎప్పుడూ నాన్నే చెప్పేవారు." తాతయ్య ఇంట్లో చెప్పింది గుడి కూలిపోవడం గురించి. జనరల్ గురించి ఆయన ఏ సందర్భంలో ఏం చెప్పారో మనకి తెలీదు. చిన్న పిల్లాడిగా నాన్నగారు ఒక పెట్టెలో పిస్టల్‌ని చూసి ఉంటారు, తండ్రి పెద్ద జనరల్ లొంగుబాటు చూశారని విని ఉంటారు. రెండూ కలిసిపోవడానికి ఎవరూ అబద్ధమాడాల్సిన పని లేదు.

పిస్టల్ పెట్టుకునే తోలు తొడుగు, అంటే హోల్‌స్టర్ సంగతి వేరే. మూత లోపలి వైపు ఇంకుతో రాసిన జర్మన్ ఇంటిపేరు సగం చెరిగిపోయి కనిపిస్తోంది, దాన్ని వెతికి ఆ కుటుంబానికి రాయాలా అని అడిగారు. ఒక్క విషయం గమనించండి. హోల్‌స్టర్ వెనక తోలు మీద కొట్టిన సంవత్సరం 1942. పిస్టల్ 1944ది. ఆ పేరున్న మనిషి ఈ పిస్టల్‌నే వాడాడని చెప్పలేం, వేరే పిస్టల్ కోసం ఇచ్చిన తొడుగు కావచ్చు. జర్మన్ సైన్యంలో ఎవరికి ఏ ఆయుధం ఇచ్చారో అతని జోల్డ్‌బుక్‌లో, అంటే జేబులో ఉండే సైనిక పుస్తకంలో నంబర్‌తో సహా రాసేవారు. ఆ పుస్తకం దొరికితే తప్ప పిస్టల్ నంబర్ నుంచి మనిషి దగ్గరికి దారి లేదు. పేరు నుంచి వెతకాలంటే బెర్లిన్‌లో జర్మన్ ఫెడరల్ ఆర్కైవ్స్ ఉంది. చనిపోయిన, ఖైదీలైన సైనికుల రికార్డులు చూసే పాత కార్యాలయం 2019లో అందులో కలిసింది. ఒట్టి ఇంటిపేరుతో వాళ్లు కూడా మనిషిని పట్టుకోలేరు, మొదటి పేరో పుట్టిన తేదీయో కావాలి. మీరు చేయగలిగింది, పక్క నుంచి వెలుతురు పడేలా పెట్టి ఆ రాతని దగ్గరగా ఫోటో తీసి ఉంచుకోవడం. మొదటి పేరు కూడా చదవగలిగితే అప్పుడు రాయండి. కానీ రాసే ముందు ఒకటి ఆలోచించుకోండి. అతను బతికి ఇంటికెళ్లాడని తెలియొచ్చు, ఇటలీలోనే ఏదో కొండ మీద చనిపోయాడని తెలియొచ్చు. రెండో కబురు వస్తే ఆ హోల్‌స్టర్‌ని మీరు ఇప్పట్లా చూడలేరు.

తాతయ్య చరిత్ర కావాలంటే దగ్గరి దారులు వేరే ఉన్నాయి. అన్నిటికంటే ముందు ఆ పాత లైసెన్స్ పుస్తకం. ఫోటోలో మొదటి పేజీ ఒక్కటే పంపారు. మిగిలిన పేజీలు తిప్పి, పిస్టల్ మొదటిసారి ఎక్కింది ఏ తేదీనో, ఎలా వచ్చిందని రాశారో చూడండి. ఆ రోజుల్లో గుమాస్తాలు పక్కన రెండు మాటలు రాసేవారు. అది దొరకకపోతే కలెక్టరేట్‌లో ఆయుధాల సెక్షన్‌కి అర్జీ పెట్టండి, లైసెన్స్ బదిలీ ఫైల్ ఉంటే అందులో తాతయ్య తన చేత్తో పెట్టిన దరఖాస్తు ఉండొచ్చు. తర్వాత బెంగళూరులోని మద్రాస్ ఇంజనీర్ గ్రూప్ (మద్రాస్ సాపర్ల ఇప్పటి పేరు) రికార్డుల ఆఫీసుకి ఆయన సైనిక నంబర్‌తో రాయండి. ఏ దారి పట్టాలో మీ జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో చెబుతారు. 12వ ఫీల్డ్ కంపెనీ రోజువారీ యుద్ధ డైరీల కోసం లండన్‌లో 'క్యూ' అనే పేటలో ఉన్న నేషనల్ ఆర్కైవ్స్‌లో వెతకాలి. ఆఫ్రికా కాలానివి డబ్ల్యూ.ఓ. 169 అనే వరసలో ఉంటాయి, ఇటలీవి ఏ వరసలో ఉన్నాయో వాళ్లనే అడగండి. అక్కడ మీ తాతయ్య పేరు కనపడకపోవచ్చు. కానీ ఏ తేదీన ఏ వాగు మీద వంతెన కట్టారో కనపడుతుంది.

ఇక తమ్ముడి విషయం. అతనికి డబ్బు అవసరం ఉందని మీరే రాశారు, అతన్ని తప్పుపట్టను. కానీ 'కాగితాలు తర్వాత' అనే మనిషికి ఈ పిస్టల్ ఇస్తే, రేపు ఎక్కడ ఏం జరిగినా తీగ లాగితే మీ ఇంటికే వస్తుంది. పైగా 44 అని తెలిసీ జనరల్‌ది అని రాసిస్తే అది మోసం, కేసు వేరే. ఆ ఉత్తరం మీద మీరు సంతకం పెట్టకండి. చట్టప్రకారం అమ్మడానికి దారి ఉంది, కానీ కొనేవాళ్లకి ప్రొహిబిటెడ్ బోర్ లైసెన్స్ ఉండాలి. అలాంటివాళ్లు తక్కువ, జనరల్ కథ లేకపోతే ధర కూడా అతను అనుకున్నంత రాదు. ఇది అతనికి ఇప్పుడే తెలిస్తే మంచిది. 44 సంగతి ముందు తమ్ముడికే చెప్పండి, ఫోన్‌లో కాదు, ఫోటో ఎదురుగా పెట్టి.

ఉంచుకోవాలంటే, వారసుల్లో ఒకరు దరఖాస్తు చేయడానికి 2016 ఆయుధాల నిబంధనల్లో వీలుంది. మిగతా ఇద్దరూ అభ్యంతరం లేదని రాసివ్వాలి. ఈ బోర్‌కి నిర్ణయం ఢిల్లీలో హోం శాఖది. నెలలు పడుతుంది, కాదనే అవకాశమూ గట్టిగానే ఉంది. వస్తే మాత్రం ఆ బాధ్యత మీకు జీవితాంతం. మీ అబ్బాయికి అది అప్పగించాలని ఉందో లేదో మీరే తేల్చుకోవాలి. ఇంకో దారి, బెంగళూరులో మద్రాస్ సాపర్ల మ్యూజియం ఉంది. వాళ్లు తీసుకుంటామంటే జిల్లా అధికారుల అనుమతితో అక్కడికి పంపొచ్చు. రూపాయి రాదు, ఇంట్లోనూ ఉండదు. కానీ తాతయ్య కంపెనీ పేరు పక్కన ఉంటుంది. నన్నడిగితే ఈ దారే నాకు ఇష్టం. అయినా నిర్ణయం మీ ముగ్గురిది, నాది కాదు.

అమ్మకి చెప్పాలా వద్దా అన్నది అన్నిటికంటే కష్టం. చెప్పకుండా ఉండొచ్చు. అప్పుడు పిస్టల్ స్టేషన్‌కి వెళ్లిందన్న బాధ ఒక్కటే ఆవిడకి, 44 బరువు మీ ఒక్కరికే. కానీ మీ అబ్బాయికీ తెలుసు, తమ్ముడికీ తెలియబోతోంది. ఎవరో ఒకరి నోట ఆవిడ చెవిన పడితే, కూతురు దాచిందన్న బాధ కూడా కలుస్తుంది. చెప్పేట్టయితే పిస్టల్‌తో మొదలుపెట్టకండి. గుడితో మొదలుపెట్టండి. అత్తగారి నోట ఏళ్లపాటు విన్న ఆ గుడి ఎక్కడుందో, దాని పేరేమిటో, ఎప్పుడు కూలిందో, తర్వాత మళ్లీ ఎలా కట్టారో చెప్పండి. రెండు నక్షత్రాలూ ఆవిడ చేతిలో పెట్టి వెనక ఉన్న పేరు చదవమనండి. '44' అప్పుడు చెప్పండి.

డిపాజిట్ రోజు ఇంట్లో దీపం పెట్టుకుని పంపాలని అమ్మ అంటే అననివ్వండి. కానీ మళ్లీ బొట్టు మాత్రం వద్దు. స్టేషన్‌లో రసీదు రాసేటప్పుడు దగ్గరుండి నంబర్ చదివించండి, చివరున్న చిన్న అక్షరంతో సహా. ఆ అక్షరం లేకపోతే అదే నాలుగంకెల నంబర్ ఉన్న మరో పిస్టల్‌కీ దీనికీ రసీదులో తేడా కనపడదు.